రాజోలు సాలమోను చెవులు

రాజోలు బస్టాండుకి ఎదురుగా, మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుకైన గది ఒకటి ఉండేది. పైన బోర్డు మీద 'షారోను రికార్డింగ్ సెంటర్' అని నీలం అక్షరాలు. ఆ గదిలో నేలపూడి సాలమోను 1983 నుంచీ క్యాసెట్లు రికార్డు చేస్తూ వచ్చాడు. మలికిపురం, సఖినేటిపల్లి, శివకోడు, ఎక్కడివాళ్ళైనా సరే, నచ్చిన పాటల పేర్లు కాగితం మీద వరసగా రాసుకుని అతని దగ్గరికే వచ్చేవారు. పక్క వీధిలో ఇంకో సెంటరు ఉంది. అక్కడ పని తొందరగా అయిపోతుంది. అయినా జనం సాలమోను కోసం రెండు రోజులు ఆగేవారు. పాట మొదలవడానికి ముందు చప్పుడు ఉండదు, చివర సగంలో తెగిపోదు, మాట మాటా విడిగా వినబడుతుంది. అదీ అతని పేరు.

సాలమోను తండ్రి కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాడు. చిన్నప్పుడు తోటల్లో తండ్రి వెనకాల తిరుగుతూ సాలమోను అడిగిన ప్రశ్నలకి అంతులేదు. చర్చి గంట ఒకరోజు కాలవ అవతలికి కూడా వినబడుతుంది, ఇంకోరోజు బడి దాకా కూడా రాదు, ఎందుకు? గంట మారలేదు కదా, కొట్టే మనిషీ మారలేదు కదా? తండ్రికి జవాబు తెలీదు. గాలి ఎటు వీస్తోందో తడిబట్ట ఆరేసి చూసుకుంటూ పది రోజులు తిరిగి, సాలమోనే కనిపెట్టాడు. తరవాత ఇంటరు దాకా చదివి, అమలాపురంలో రేడియో రిపేరు నేర్చుకుని, ఆఖరికి ఈ గదిలో స్థిరపడ్డాడు.

పొద్దున్న తొమ్మిదింటికి పెద్ద దొప్పల హెడ్‌ఫోన్లు తలకి తగిలించుకుంటే దీపాలు పెట్టే వేళకి తీసేవాడు. బయట బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు. కొట్టు ముందున్న స్పీకర్లో వచ్చేపోయే వాళ్ళ కోసం ఎప్పుడూ ఏదో ఒక పాట. ఆ గోలలో తను రికార్డు చేస్తున్న పాట వినబడాలంటే హెడ్‌ఫోన్ గుండీ ఇంకాస్త తిప్పాలి. మొదట్లో నాలుగు అంకె దగ్గర ఉండే గుండీ ఎప్పుడు ఆరుకి వచ్చిందో, ఆరు ఎప్పుడు తొమ్మిది అయిందో సాలమోను గమనించుకోలేదు.

1995 వేసవిలో ఒకరోజు గంగరాజు గారు వచ్చారు. శివకోడులో ఆరెకరాల కొబ్బరితోట ఉన్న రైతు. పాత పాటలంటే ప్రాణం. వారం కిందట చేయించుకున్న క్యాసెట్టు బల్ల మీద పెట్టి, ఎలా చెప్పాలా అన్నట్టు కాసేపు తటపటాయించారు.

"ఆయ్, సాలమోను గారూ, ఓ మాట చెప్తాను, ఏవనుకోకండేం. పాటలన్నీ బాగానే ఎక్కించేరండి. కానీ పాడేవాళ్ళు 'స' అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుందండి. మా ఆవిడైతే టేపు కట్టేసి లేచి వెళ్ళిపోయింది."

సాలమోను ఆ క్యాసెట్టు అక్కడికక్కడే పెట్టి రెండు పక్కలా విన్నాడు. అతనికి ఏ తప్పూ కనబడలేదు.

"నాకైతే చక్కగా వినబడుతోందండి. మీ టేపురికార్డరు హెడ్డు అరిగిందేమో, ఓసారి పట్రండి, చూస్తాను" అన్నాడు.

గంగరాజు గారు మర్యాదస్తులు. సరేనండి అని వెళ్ళిపోయారు. కానీ మూడో రోజున బస్టాండు పక్కన టిఫిను కొట్టు నడిపే మరిడమ్మ వచ్చింది. ఆవిడకి మర్యాదల పని లేదు.

"ఏంటి బాబూ, ఈ మధ్య నీ పాటలు ఇలా తగలడ్డాయి? ఇడ్లీ తినేవాళ్ళు మొహాలు చిట్లించుకుంటన్నారు. పక్క వీధి వాడి దగ్గర కొనుక్కున్నాను, మెత్తగా ఉంది."

ఆ మాటకి సాలమోనుకి కోపం రావలసింది. రాలేదు. అతనికి వచ్చింది అనుమానం, అనుమానం వెనకాలే ఉత్సాహం. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. రికార్డు చేసే డెక్కులో, టేపుకి ఆనుకునే హెడ్డుని స్పిరిట్టులో ముంచిన దూదితో తుడిచాడు. హెడ్డు పక్కనుండే చిన్న మరమేకుని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి చూశాడు. విజయవాడ నుంచి కొత్త హెడ్డే తెప్పించి వేశాడు. క్యాసెట్ల కంపెనీ మార్చాడు. కరెంటు హెచ్చుతగ్గులేమో అనుకుని స్టెబిలైజరు పెట్టాడు. ఏది మార్చినా ఒకటే ఫలితం. తనకి బాగుంటుంది, విన్నవాళ్ళకి గుచ్చుకుంటుంది.

అలా నెల గడిచింది. ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చాక సాలమోను ఇంట్లో పాత క్యాసెట్ల పెట్టె దించాడు. పన్నెండేళ్ళలో తను చేసినవాటిలో ఏడాదికొకటి చొప్పున తీసి వరసగా వినడం మొదలుపెట్టాడు. విచిత్రం! 1985లో చేసింది దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. 1989ది కొంచెం నయం. మొన్న చేసింది స్పష్టంగా ఉంది.

"టేపు పాతబడితే స్పష్టత పోతుందన్నమాట" అని భార్య సరోజినితో అన్నాడు.

పక్కనే లెక్కలు చేసుకుంటున్న కూతురు క్రిస్టీనా తలెత్తింది. తొమ్మిదో తరగతి.

"అదేంటి నాన్నా, పాతవే బాగున్నాయి. కొత్తది వింటుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి."

సాలమోను టేపు ఆపేశాడు. టేపు పాడైతే ఇద్దరికీ పాడవ్వాలి కదా. తనకి ఒకలా, పిల్లకి ఇంకోలా ఎందుకు పాడవుతుంది?

ఆ ప్రశ్న ఇంకా నలుగుతూ ఉండగానే క్రిస్టీనా, "అమ్మా, పన్నెండయ్యింది, అన్నం పెట్టవా?" అంది.

"నీకెలా తెలిసింది? గోడ గడియారం అవతల గదిలో ఉందిగా?" అన్నాడు సాలమోను.

"ఇదిగో, నా వాచీ గంటగంటకీ పిప్పిప్ మంటుందిగా నాన్నా. ఇప్పుడే అంది."

పుట్టినరోజుకి మేనమామ కొనిపెట్టిన డిజిటల్ వాచీ అది. మూడు నెలలుగా ఆ పిల్ల చేతికే ఉంది. అది కూస్తుందన్న సంగతి సాలమోనుకి తెలియనే తెలియదు. వాచీ తీయించి, మళ్ళీ మోగేలా క్రిస్టీనా చేత మీట నొక్కించి, ఎడమ చెవికి ఆనించుకున్నాడు. ఏమీ లేదు. కుడిచెవికి పెట్టుకున్నాడు. ఎక్కడో దూరాన ఏదో ఉన్నట్టు అనిపించింది, అది కూడా నిజమో భ్రమో తెలియదు. వంటింటి గుమ్మంలో నించున్న సరోజిని, "ఇక్కడికి వినబడుతోంది కదండీ!" అంది.

అందరూ అన్నం తిన్నారు గానీ సాలమోను తినలేదు. ఆ మధ్యాహ్నమంతా ఇల్లూ వాకిలీ తిరిగి, వినబడేవీ వినబడనివీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కుక్కరు కూత వినబడుతుంది. సైకిలు గంట వినబడుతుంది గానీ మొండిగా ఉంటుంది. పెరట్లో జామచెట్టు మీద పిట్టలు నోళ్ళు తెరుస్తున్నాయి, చప్పుడు లేదు. గిన్నెల మోత బాగా వినబడుతుంది, చెంచాలు రాసుకున్న చప్పుడు లేదు. సరోజిని వెనకనుంచి పిలిస్తే వినబడుతుంది, ఏమందో తెలియదు.

అది రాస్తుంటే సరోజిని చూసింది. గంభీరంగా అయిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ సీసా తెమ్మంటే పీట తెచ్చింది ఇందుకా? నేను మీకు నా మాటంటే లెక్కలేదనుకున్నానండీ" అంది.

ఇంట్లో ఆ సీసా, పీట గొడవ ఒకటి కాదు, పది జరిగాయి. ఒకసారి మూడు రోజులు మాటలు కూడా లేవు. సాలమోను పుస్తకం మూసేశాడు.

ఇది చెవిలో గుబిలి అనుకున్నాడు ముందు. అమలాపురంలో డాక్టరు దగ్గర తీయించుకున్నాడు. కానీ ఆ గుబిలితో పాటు సమస్య పోలేదు. తరవాత వారంలో సత్తిబాబు కొట్టుకి వచ్చాడు. ఓడలరేవు వైపు చమురు బావుల దగ్గర డ్రిల్లింగు పనిలో ఉన్నవాడు. పదిహేను రోజులు పని, పదిహేను రోజులు సెలవు. సెలవుకి వచ్చినప్పుడల్లా నాలుగు క్యాసెట్లు చేయించుకుని వెళ్తాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సాలమోనుని మూడుసార్లు పిలిచి, ఆఖరికి భుజం తట్టాడు.

"మీరూ మాలాగే ఉన్నారండి. మాకూ అక్కడ చెవులకి ఇలాంటి దొప్పలే. కాకపోతే మావి మోత లోపలికి రాకుండా పెడతారు, మీరు లోపలికి పోయడానికి పెట్టుకుంటన్నారు" అని నవ్వాడు.

సాలమోను నవ్వలేదు. స్టూలు లాగి సత్తిబాబుని కూర్చోబెట్టాడు.

"ఎందుకు పెడతారు? పెట్టకపోతే ఏవౌద్ది?"

"చెవులు పోతాయంటండి. మోత గట్టిగా ఉన్నా పర్లేదు, కాసేపే అయితే. గంటలకొద్దీ అయితే పోతాయంట. మాకు ఏడాదికోసారి పరీక్ష కూడా చేస్తారండి. చిన్న గదిలో కూర్చోబెట్టి, కూత వినబడితే వేలెత్తమంటారు. మాతో పాటు చేసే పెద్దాయన ఒకాయనుండేవాడు, దొప్పలు పెట్టుకోనని మొండికేసేవాడు. ఆయనకిప్పుడు మనవలు మాటాడితే అర్థం కాదు."

సాలమోను హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, వాటి వంక కొత్తగా చూశాడు. పన్నెండేళ్ళు. రోజుకి తొమ్మిది గంటలు.

మరుసటి సోమవారం అతనూ సరోజినీ ముక్తేశ్వరం దాకా బస్సులో వెళ్ళి, కోటిపల్లి రేవు దాటి, అక్కడినుంచి కాకినాడ చేరారు. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు సత్యశ్రీ గారు నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదైన మనిషి. సాలమోనుని అద్దం కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. ఆ గదిలో నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉందంటే, తన చెవుల్లో ఎప్పుడూ మోగుతూ ఉండే సన్నని 'కీ' మన్న శబ్దం అతనికి మొదటిసారి విడిగా తెలిసింది. ఆ మోత అందరికీ ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

పరీక్ష అయ్యాక డాక్టరు ఒక కాగితం ముందు పెట్టారు. ఎడమనుంచి కుడికి గీత. మొదట పైన తిన్నగా వెళ్ళి, కుడివైపు ఉన్నట్టుండి గోతిలో పడ్డట్టు కిందకి దిగి, చివర కొంచెం పైకి లేచింది.

"ఎడమ పక్కవి బొంగురు శబ్దాలు, కుడి పక్కవి సన్నని శబ్దాలు. మీకు సెకనుకి నాలుగు వేలసార్లు అదిరే శబ్దాల దగ్గర పెద్ద గుంట పడింది సాలమోను గారూ. రెండు చెవులకీ ఉంది, ఎడమ చెవికి ఎక్కువ. మీరు ఏం పని చేస్తారు?"

చెప్పాడు. చెవుల్లో గుచ్చుకుంటున్న క్యాసెట్ల సంగతీ చెప్పి, అడగడం మొదలుపెట్టాడు. అక్కడే ఎందుకు పడింది గుంట? లోపల ఏం చెడింది? అది మళ్ళీ బాగవ్వదా? హెడ్‌ఫోన్లకి సన్నని శబ్దాల మీద ప్రత్యేకంగా పగ ఏమిటి? బయట ఇంకా ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. సత్యశ్రీ గారు నవ్వి, కుర్చీ ముందుకి జరిపారు.

"చెవి లోపల నత్తగుల్లలా చుట్ట చుట్టుకున్న గొట్టం ఉంటుంది. దాంట్లో వెంట్రుకల్లాంటి పోచలున్న కణాలు వరసగా ఉంటాయి. శబ్దం వస్తే అవి ఊగుతాయి. మీ ఊళ్ళో వరిచేను చూస్తారుగా? మనిషి ఒకసారి నడిచి వెళ్తే ఒరిగిన వరి మళ్ళీ లేస్తుంది. రోజూ అదే దారిన తొక్కుతూ పోతే?"

"దారి పడిపోతుందండి. అక్కడింక మొలవదు."

"అదే. మన చెవి రంధ్రం పొడవు వల్ల ఆ నాలుగు వేల చుట్టుపక్కల శబ్దాలు మిగతావాటికన్నా గట్టిగా లోపలికి వెళ్తాయి. అందుకే తొక్కుడు అక్కడ ఎక్కువ. మాటల్లో స, ష, చ లాంటివి గుర్తుపట్టడానికి ఆ సన్నని శబ్దాలే ముఖ్యం. మీకు అవి వినబడక, మీకు తెలియకుండానే రికార్డింగులో వాటిని పెంచేస్తున్నారు. వినేవాళ్ళకి గుచ్చుకుంటోంది."

నెలరోజులుగా డెక్కులో వెతికిన తప్పు తన తలలోనే ఉందని తెలిసినప్పుడు సాలమోనుకి ముందు కలిగింది దిగులు కాదు, చిక్కుముడి విడినప్పటి తేలిక. దిగులు ఆ తరవాత వచ్చింది.

"మందేమీ లేదాండి?"

"పోయినవి రావు. ఉన్నవాటిని కాపాడుకోవాలి" అన్నారు డాక్టరు. "గట్టిదనం ఒక్కటే కాదు, ఎంతసేపు విన్నామన్నది కూడా లెక్క. ఎనభై అయిదు డెసిబెల్స్ మోత రోజుకి ఎనిమిది గంటలు వినడం హద్దు అంటారు. మూడు పెరిగితే నాలుగు గంటలే. ఇంకో మూడు పెరిగితే రెండు గంటలే."

"నా దగ్గర కొలిచే మిషను లేదండి. మరి ఎలా తెలుస్తుంది?"

"మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండగా, చేయి చాచినంత దూరంలో మనిషి మామూలుగా మాట్లాడితే మీకు వినబడాలి. వినబడకపోతే ఎక్కువైనట్టు. తీసేశాక చెవుల్లో మోత ఉంటే బాగా ఎక్కువైనట్టు. గంటకోసారి కాసేపు తీసి పక్కన పెట్టండి."

తిరిగి రేవు దాటుతుంటే సరోజిని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. సాలమోను మాత్రం కాగితం విప్పి మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాడు కొట్టు తెరిచి, గ్రాఫు కాగితాన్ని ఈక్వలైజరు పక్కన పెట్టాడు. బొంగురు నుంచి సన్నం దాకా ఒక్కో రకం శబ్దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ దాని మీద పది జారుడు మీటలు వరసగా ఉంటాయి. సాలమోను వాటిని ఒక్కొక్కటే గ్రాఫు ప్రకారం దించాడు. కుడివైపు మీటలు పూర్తిగా అడుక్కి వెళ్ళినా గ్రాఫులోని గుంట అంత లోతు రాలేదు. పాత ఈక్వలైజరు తెచ్చి రెండూ జతచేశాడు. అప్పటికీ చాల్లేదు. అయినా సరే అని మైకు కలిపి, సరోజినికి కబురు పెట్టాడు. క్రిస్టీనా కూడా వచ్చింది.

"సరోజినీ, ఇవి పెట్టుకో. క్రిస్టీనా, నువ్వా పక్కన కూర్చుని పాఠం చదువు. అమ్మ నీ మొహం చూడకూడదు."

క్రిస్టీనా తెలుగు వాచకం తీసి ఓ పేజీ చదివింది. సరోజిని కళ్ళు మూసుకుని విన్నది. మొదట ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. కొంతసేపటికి కనుబొమలు దగ్గరకొచ్చాయి. చెయ్యి పెట్టి హెడ్‌ఫోన్లు చెవులకి ఇంకా గట్టిగా నొక్కుకుంది. ఇంకాస్సేపటికి తీసేసింది.

"ఏదో గోడవతల మాటాడుతున్నట్టుంది. పిల్ల గొంతే అని తెలుస్తోంది, ఏం చదువుతోందో సగం తెలియట్లేదు. ఇలాగా మీకు వినబడేది?"

"దీనికన్నా తక్కువే. ఇది సగం లోతు కూడా కాదు" అన్నాడు సాలమోను. అతని గొంతులో కనిపెట్టిన సంబరం ఉంది. "అచ్చంగా చూపించాలంటే ఇలాంటివి ఇంకో రెండు కలపాలి."

సరోజిని హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాలమోను కంగారుపడ్డాడు.

"ఏవైంది? గట్టిగా ఉందా?"

"మీకు ఆటలా ఉందాండీ? పిల్ల గొంతు మీకు ఇలా వినబడుతోందని నాకెవరు చెప్పేరు? మీరెందుకు చెప్పలేదు?"

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నాకిదే మామూలనుకున్నాను."

క్రిస్టీనా పుస్తకం మూసి, తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుని, మొహం కనబడేలా, నెమ్మదిగా, విడివిడిగా, "నాన్నా, ఇలా మాటాడితే తెలుస్తోందా?" అంది. తెలుస్తోందని తలూపాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వెనకనుంచి పిలవడం మానేశారు.

కొట్టు మూసేద్దామని ఒకసారి అనుకున్నాడు గానీ, అది ఒక పూటకి మించి నిలవలేదు. గుండీ ఎందుకు తొమ్మిదికి వెళ్ళిందో ఆలోచించాడు. బయటి గోల వల్ల. అయితే గోలనే తగ్గించాలి. మలికిపురంలో కొబ్బరిపీచు చాపలు నేసే చోటుకి వెళ్ళి మందపాటివి తెచ్చాడు. గది వెనక సగాన్ని చెక్కలతో అడ్డం కట్టి, గోడలకీ తలుపుకీ కూడా రెండేసి వరసలు బిగించాడు. ముందున్న స్పీకరు తీసేశాడు. ఆ పీచు గదిలో కూర్చుంటే బస్సు హారను పక్క ఊళ్ళోదిలా వినబడేది. గుండీ మూడు దగ్గరే సరిపోయింది. ఆ మూడు దగ్గర సరోజిని గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి, "ఇది దాటితే ఊరుకోను" అంది.

ఇక సన్నని శబ్దాల సంగతి. అవి ఎంత ఉండాలో తన చెవికి తెలియదు కాబట్టి, ఆ పని సరోజినికి అప్పగించాడు. ఆమె మధ్యాహ్నం పూట వచ్చి, ప్రతి క్యాసెట్టు మొదటి పాటా విని, 'గుచ్చుకుంటోంది' అనో 'మూసుకుపోయింది' అనో చెప్పేది. ఆమె మాట ప్రకారం మీటలు జరిపేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె చెవి అతని చెవికన్నా పదునెక్కింది. గంగరాజు గారికీ మరిడమ్మకీ పాత క్యాసెట్లన్నీ మళ్ళీ ఊరికే చేసి ఇచ్చాడు. మరిడమ్మ వాటిని ఓ రోజంతా వాయించి, "ఇదిగో, ఇప్పుడు మెత్తగా ఉంది. ఏం బాగుచేసేవేంటి?" అని అడిగింది.

"నన్ను బాగుచేసుకున్నానమ్మా" అన్నాడు.

క్యాసెట్ల కాలం పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. 2005 నాటికి షారోను రికార్డింగ్ సెంటర్ షారోను సెల్ పాయింట్ అయింది. పాటలు ఇప్పుడు మెమరీ కార్డులోకి ఎక్కించడం, ఇయర్‌ఫోన్లు అమ్మడం. ఇయర్‌ఫోన్లు కొనడానికి ఎవరొచ్చినా సాలమోను ముందు వాళ్ళనే పెట్టుకోమని, వాళ్ళకి ఇష్టమైనంత గట్టిగా పాట పెట్టుకోమనేవాడు. పెట్టుకున్నాక చేయి చాచినంత దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, "మీ ఊరేదండీ?" అని అడిగేవాడు. పదిమందిలో ఏడుగురు జవాబు చెప్పేవారు కాదు.

అనిల్ కుమార్ అని తాటిపాక కుర్రాడొకడు అమలాపురం కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళేవాడు. అతనికి ఈ పరీక్ష చిరాకు తెప్పించింది.

"బస్సులో ఇంజను గోలకి తగ్గిస్తే ఏమీ వినబడదండీ. ఏం చెయ్యమంటారు మరి?"

సాలమోనుకి ఆ మాట ఎంతో నచ్చింది. తను పన్నెండేళ్ళు చేసిన పొరపాటుని ఈ పిల్లాడు ఒక్క మాటలో చెప్పేశాడు.

"అదేనండి చిక్కు. గోల మీద పాట పోస్తే రెండూ చెవిలోకే వెళ్తాయి. గోలని బయట ఆపండి" అంటూ రబ్బరు తొడుగులున్న ఇయర్‌ఫోన్లు తీసి, చెవి రంధ్రానికి సరిగ్గా సరిపోయే సైజు వెతికి పెట్టాడు. "ఇవి పెట్టుకుంటే ఇంజను సగం ఆగిపోద్ది. పాట సగం గట్టిదనంలో చాలు. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం పెట్టుకోకండేం, బస్సు మిమ్మల్ని పిలవదు."

అనిల్ కుమార్ వారం తరవాత తన స్నేహితులు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

సాలమోను రెండేళ్ళకోసారి కాకినాడ వెళ్ళి పరీక్ష చేయించుకునేవాడు. 2007లో సత్యశ్రీ గారు పాత కాగితాలన్నీ బల్ల మీద పరిచి చూపించారు. గుంట అలాగే ఉంది. వయసు వల్ల చివర కాస్త దిగింది గానీ, గుంట పెరగలేదు. అప్పటికి ఎడమ చెవికి వినికిడి మిషను పెట్టుకుంటున్నాడు. దాంతో మాటలు చాలావరకు తెలిసేవి. పిట్టలు మాత్రం ఇంకా అంతంత మాత్రమే.

క్రిస్టీనా బీఎడ్ చేసి ముమ్మిడివరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు అయింది. 2008 చలికాలంలో ఆమె తండ్రిని తన బడికి పిలిపించింది. సాలమోను పాత డెక్కు, ఈక్వలైజర్లు, మైకు, హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని వెళ్ళాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, చెడిన చెవికి ప్రపంచం ఎలా వినబడుతుందో విని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తను చేసిన పొరపాటు దాచకుండా చెప్పాడు. ఆఖర్న, "ఎవరైనా ఏవైనా అడుగుతారా?" అన్నాడు.

వెనక బెంచీలోంచి లావణ్య అనే అమ్మాయి లేచింది. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులున్నాయి.

"మా చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు రోజంతా తిరుగుతానే ఉంటాయండి. నీళ్ళలో ఒకటే మోతండి. మరి రొయ్యలకి వినబడదాండి? వాటి చెవులు పాడవ్వవా?"

పిల్లలు ఘొల్లుమన్నారు. సాలమోను నవ్వలేదు. రొయ్యకి చెవి ఉందా? ఉంటే ఎక్కడుంది? నీళ్ళలో మోత ఎంత ఉంటుంది?

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "మీ చెరువు ఎంత దూరం?"

బడి అయ్యాక సాలమోను, క్రిస్టీనా, లావణ్య ముగ్గురూ ఆటోలో చెరువు దగ్గరికి వెళ్ళారు. లావణ్య తండ్రి వెంకటరాజు ఏం జరుగుతోందో అర్థంకాక గట్టు మీదే నిలబడ్డాడు. సాలమోను చిన్న మైకుని రబ్బరు బుడగలో పెట్టి, మూతి దారంతో బిగించి, కర్రకి కట్టి నీళ్ళలోకి దించాడు. చెరువు షెడ్డు కరెంటుకి డెక్కు తగిలించి, గుండీ అడుగున పెట్టి, నెమ్మదిగా కొద్దికొద్దిగా పెంచి విన్నాడు. లోపల ఏరియేటరు రెక్కల దబదబ, బోలెడు బుడగల హోరు.

మేత వేసే వేళయింది. వెంకటరాజు ఏరియేటర్లు ఆపేసి, తెప్ప మీద తిరుగుతూ మేత జల్లాడు. ఆ హోరంతా ఒక్కసారి తగ్గిపోయింది. సాలమోను చాలాసేపు విన్నాడు. అతనికి అంతా నిశ్శబ్దంగానే ఉంది. హెడ్‌ఫోన్లు తీసి లావణ్యకి ఇచ్చాడు.

"నాకేమీ వినబడట్లేదు. నువ్వు విను. గుండీ ముట్టుకోకు, అంతే చాలు."

ఆ పిల్ల చెవులకి పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"చిటచిటమంటున్నాయండి! సన్నగా, బోలెడు... పోపులో ఆవాలు వేగినట్టు."

క్రిస్టీనా కూడా తీసుకుని విని, అవునంటూ తలూపింది. "మేత కొరుకుతున్న చప్పుడేమో నాన్నా" అంది.

సాలమోను జేబులోంచి పుస్తకం తీసి, తనకి వినబడని ఆ చప్పుడు ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు ఉందో లావణ్యని అడిగి రాసుకోసాగాడు. మేత అయిపోయాక అది తగ్గుతుందో లేదో చూడాలని, గట్టు మీద ముగ్గురూ అలాగే కూర్చున్నారు.